నీటి దారిని చక్కగా చూపి, ఆహారపు దారిని వదిలేసిన కిట్టు

పదో తరగతి చదువుతున్న మా మనవరాలి కోసం రెండు నెలల కిందట విశాఖపట్నం ద్వారకానగర్‌లో ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో, "మొక్కల్లో నీరు, ఆహారం ప్రయాణించే తీరు" అని అట్ట మీద రాసి ఉన్న ప్రయోగాల కిట్టును 5,200 రూపాయలు పెట్టి కొన్నాను. జూనియర్ కళాశాలలో 29 ఏళ్ళు వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని కాబట్టి, ఇంట్లో పిల్లల చేతికి ఇవ్వదగిన సామగ్రి కనిపిస్తే కొనకుండా ఉండలేను. మా కళాశాలలో ఒక్కో సూక్ష్మదర్శిని చుట్టూ 20 మంది నిలబడేవారు. ఒక్కొక్కరికి అర నిమిషం దక్కితే గొప్ప. ఎంవీపీ కాలనీలోని మా ఇంటి వరండాలోనూ డాబా మీదా ప్రతి ప్రయోగాన్నీ కనీసం రెండుసార్లు చేయించిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. నీటి ప్రయాణాన్ని చూపడంలో ఈ కిట్టు పెట్టిన డబ్బుకు తగినదే. ఆహార ప్రయాణం విషయంలో మాత్రం అట్ట మీద ఇచ్చిన మాట పెట్టె లోపల కనిపించదు.

పెట్టెలో 40, 100, 400 రెట్లు పెద్దదిగా చూపే విద్యార్థి సూక్ష్మదర్శిని, రంగులద్ది సిద్ధం చేసిన 5 స్లైడ్లు, ఖాళీ స్లైడ్లు, కవర్ స్లిప్పులు, సాఫ్రనిన్, ఇయోసిన్ రంగుల సీసాలు, చేతి భూతద్దం, గొట్టంలోని గాలి బుడగ కదలికను బట్టి కొమ్మ పీల్చే నీటిని కొలిచే గాజు పోటోమీటరు, 40 పేజీల తెలుగు కరదీపిక ఉన్నాయి. బ్లేడు ఇవ్వలేదు. పిల్లల భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే. కోతలు పెద్దవాళ్ళే కోసిపెట్టాలి.

మొదటి ప్రయోగం అందరికీ తెలిసినదే అయినా, ఎన్నిసార్లు చేసినా నాకు తనివి తీరనిది. పూర్ణా మార్కెట్‌లో పొడవాటి కాడలతో ఉన్న తెల్లని లిల్లీ పూలు తెచ్చి, ఇయోసిన్ కలిపిన నీటిలో నిలబెట్టాము. సాయంత్రానికి తెల్లని రేకుల మీద సన్నని ఎర్రని గీతలు కనిపించాయి. కాడను అడ్డంగా పలుచగా కోసి భూతద్దం కింద పెడితే, లేత ఆకుపచ్చని గుండ్రని బిళ్ళ మీద అక్కడక్కడ గుండుసూది మొనతో పొడిచినట్టు ఎర్రని చుక్కలున్నాయి. బంతి మొక్క కాడతో ఇదే చేసినప్పుడు ఆ చుక్కలు చెల్లాచెదురుగా కాక, అంచుకు దగ్గరగా ఒక వలయంలా బారుతీరి ఉన్నాయి. లిల్లీలాంటి ఏకదళబీజ కాండానికీ బంతిలాంటి ద్విదళబీజ కాండానికీ ఉన్న తేడాను బొమ్మ గీసి కంఠస్థం చేయించే అవసరం లేకుండా, కూరగాయల కత్తిపీట పక్కనే పిల్ల తన కళ్ళతో చూసింది.

"అమ్మమ్మా, నీళ్ళన్నీ ఈ చుక్కల్లోంచే వెళ్తున్నాయా? మరి మిగతా కాడంతా దేనికి?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు కరదీపికలో జవాబు లేదు కాబట్టి నేనే చెప్పాను. ఆ ఎర్రని చుక్కలు దారువు. అందులోని దారునాళాలు చనిపోయిన కణాలు. అవి బతికి ఉన్నంతకాలం తమ గోడలను లిగ్నిన్‌తో గట్టిపరచుకొని, ఆ తరువాత లోపలి జీవపదార్థమంతా కరిగిపోయి, ఒకదాని మీద ఒకటి నిలబడిన బోలు గొట్టాలుగా మిగిలిపోతాయి. అందులో అడ్డు లేదు కాబట్టే నీరు అంత సులువుగా సాగుతుంది. మిగతా కాడ నిల్వకూ, నిలబడే బలానికీ, ఇంకా ఆ చుక్కల పక్కనే రంగు పట్టకుండా ఉండిపోయిన మరో కణజాలానికీ సంబంధించినది. ఆ రంగు పట్టని భాగమే ఆహారం నడిచే దారి. దాని గురించి ముందుముందు రాస్తాను, ఎందుకంటే కిట్టు మీద నాకున్న ప్రధానమైన అసంతృప్తి అక్కడే ఉంది.

సిద్ధం చేసిన స్లైడ్లు ఈ పెట్టెలో అన్నిటికన్నా మంచి వస్తువులు. పొద్దుతిరుగుడు కాండం, మొక్కజొన్న కాండం, ద్విదళబీజ వేరు, ఏకదళబీజ వేరు, ఆకు, ఈ ఐదింటి అడ్డుకోతలూ పలుచగా, మడతలు లేకుండా, రంగు సమంగా పట్టి ఉన్నాయి. లిగ్నిన్ ఉన్న గోడలు ఎర్రగా, మిగతావి ఆకుపచ్చగా తేలికగా గుర్తుపట్టవచ్చు. మొక్కజొన్న నాళికాపుంజాన్ని, అంటే నీటి నాళాలూ ఆహార నాళాలూ కలిసి ఉన్న కట్టను, 400 రెట్లలో చూస్తే కోతి ముఖం కనిపిస్తుందని మేము తరగతిలో చెప్పేవాళ్ళం: రెండు పెద్ద దారునాళాలు కళ్ళు, కింద ఉన్న ఖాళీ గూడు నోరు, కళ్ళకు పైన నుదుటి మీద సన్నని వలలా కనిపించేది ఆహారం నడిచే పోషక కణజాలం. మా మనవరాలు ఆ ముఖాన్ని నేను చెప్పకముందే కనిపెట్టి నవ్వింది. వేరు స్లైడ్లలో మాత్రం ఒక పొరపాటు జరిగింది. రెండింటి చీటీలూ తారుమారయ్యాయి. దారువు నాలుగు చేతులుగా ఉన్న దాని మీద ఏకదళబీజ వేరు అనీ, ఆరుకన్నా చాలా ఎక్కువ చేతులతో వలయంగా ఉండి మధ్యలో విశాలమైన దవ్వ ఉన్న దాని మీద ద్విదళబీజ వేరు అనీ రాసి ఉంది. తెలిసినవాళ్ళు పక్కన లేని ఇంట్లో ఆ పిల్ల తప్పునే నేర్చుకొని పరీక్షలో రాసి వస్తుంది. దుకాణదారుకు చూపిస్తే మర్యాదగా విని, తయారీదారుకు తెలియజేస్తానన్నారు. చీటీలు నేనే మార్చి అతికించుకున్నాను.

పోటోమీటరు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే చాలామంది దీన్ని ఒకసారి ప్రయత్నించి, బుడగ కదలలేదని పక్కన పడేస్తారు. లోపం చాలావరకు రబ్బరు బిరడాది. దాని రంధ్రం కొమ్మకు వదులుగా ఉండి గాలి దూరుతుంది. చుట్టూ వాజ్‌లీన్ దట్టంగా పూస్తే ఆగుతుంది, కానీ ఆ మాట కరదీపికలో ఉండవలసింది. అంతకన్నా ముఖ్యమైనది, కొమ్మను నీటి లోపలే ఉంచి కోయాలన్నది. గాలిలో కోస్తే, అప్పటిదాకా సాగదీసిన తీగలా బిగువుగా ఉన్న నీటి స్తంభాలు తటాలున వెనక్కి తగ్గి, నాళాలలోకి గాలి చొరబడుతుంది. ఆ నాళాలు ఇక నీటిని లాగలేవు. మొదటిరోజు నేను కూడా తొందరలో నందివర్ధనం కొమ్మను తుంచి పెట్టాను, గంటసేపు బుడగ చోటు మారలేదు. రెండో రోజు బకెట్‌లో ముంచి కోసి, నీటిలోనే బిగించాము. నీడలో 10 నిమిషాలకు 13 మిల్లీమీటర్లు, ఫ్యాన్ గాలిలో 29 మిల్లీమీటర్లు కదిలింది. పాలిథిన్ సంచిని కొమ్మ మీద తొడిగితే దాదాపు నిలిచిపోయింది. వాన కురిసి తగ్గిన ఒక సాయంత్రం, సముద్రపు తేమతో గోడలు కూడా చెమ్మగిల్లినప్పుడు, సంచి లేకుండానే అర గంటలో 4 మిల్లీమీటర్లు మించలేదు. గాలిలో ఉన్న తేమకూ ఆకు నుంచి నీరు ఆవిరైపోయే బాష్పోత్సేకానికీ సంబంధం ఇంత స్పష్టంగా చూపగలిగే చోటు విశాఖపట్నంలాంటిది మరొకటి అరుదు.

ఈ పోటోమీటరు గొట్టం లోపలి వ్యాసం ఎంతో కరదీపికలో రాయలేదు. అది తెలిస్తేనే బుడగ కదిలిన పొడవును నీటి ఘనపరిమాణంగా మార్చగలం. వ్యాసం 1 మిల్లీమీటరు అనుకుంటే, బుడగ 10 మిల్లీమీటర్లు జరగడమంటే సుమారు 8 ఘన మిల్లీమీటర్ల నీటిని కొమ్మ పీల్చుకుందని అర్థం. పీల్చుకున్న నీరంతా ఆవిరైపోయిందని కరదీపిక రాసింది కానీ, కొద్ది భాగం కణాలలో నిలిచిపోతుంది, అతి కొద్ది భాగం కిరణజన్య సంయోగక్రియకు ఖర్చవుతుంది. అయితే వేళ్ళు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఆవిరిగానే పోతుంది కాబట్టి ఇంటి ప్రయోగానికి ఇది పెద్ద తప్పు కాదు.

పెద్ద తప్పు వేరే ఉంది. నీరు పైకి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు కరదీపిక రెండే వాక్యాలు రాసింది: వేళ్ళు పంపులా నీటిని పైకి నెడతాయట, సన్నని గొట్టాలు కాబట్టి నీరు వాటంతట అదే ఎగబాకుతుందట. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, రెండూ చాలవు. వేరు పీడనం ఉన్న మాట వాస్తవమే. తెల్లవారుజామున చేమ ఆకుల కొసల నుంచి ముత్యాల్లా రాలే చుక్కలు మంచు కాదు, వేరు పీడనం వల్ల బయటికి వచ్చిన నీరు. కానీ అది తేమ నిండిన రాత్రివేళల్లోనే బాగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం, నీటి అవసరం అత్యధికంగా ఉన్నప్పుడు, దాదాపు ఉండదు. ఇక సన్నని గొట్టంలో నీరు ఎగబాకే గుణమైన కేశనాళికీయత సంగతి చూస్తే, 100 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న నాళంలో నీరు దాని బలంతో సుమారు 30 సెంటీమీటర్లు మాత్రమే ఎక్కుతుంది. భీమిలి దారిలో నిలబడి ఉన్న తాటిచెట్టు తలకాయ 20 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బావి గట్టున పెట్టిన మోటారు కూడా 10 మీటర్ల లోతుకు మించి నీటిని పీల్చలేదని పల్లెటూళ్ళలో వ్యవసాయం చేసేవారందరికీ తెలుసు, ఎందుకంటే అక్కడ నీటిని పైకి తోసేది వాతావరణ పీడనం మాత్రమే.

చెట్టు ఆ హద్దును దాటేది నెట్టడం వల్ల కాదు, లాగడం వల్ల. ఆకు లోపలి తడి గోడల నుంచి నీరు ఆవిరై పత్రరంధ్రాల గుండా వెళ్ళిపోతున్నకొద్దీ, ఆ గోడలు పక్కనున్న నీటిని లాగుతాయి. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉండడం వల్ల, ఆ లాగుడు ఆకు ఈనెల నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి మానుకు, మాను నుంచి వేరు కొసదాకా తెగకుండా అందుతుంది. డిక్సన్, జోలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు డబ్లిన్‌లో 1894లో ప్రతిపాదించిన ఈ వివరణనే ఇప్పటికీ ప్రపంచమంతా బోధిస్తున్నారు. బతికి ఉన్న కణాల ప్రమేయం లేకుండానే నీరు ఎక్కుతుందని, కాండాన్ని విషద్రావణంలో ఉంచి కణాలను చంపి అంతకుముందే జర్మన్ వృక్షశాస్త్రవేత్త స్ట్రాస్‌బర్గర్ చూపించాడు. మా లిల్లీ కాడకు వేళ్ళే లేవు, అయినా రంగు నీరు రేకుల దాకా ఎక్కింది. కిట్టులోని మొదటి ప్రయోగమే కరదీపిక చెప్పిన "వేరు పంపు" మాటకు సమాధానం. ఆ రెండింటినీ కలిపి చూపే ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ కరదీపిక విలువ ఎంతో పెరిగేది.

ఇప్పుడు ఆహారపు దారి గురించి. కరదీపికలో దీనికి కేటాయించినది ఒకటిన్నర పేజీ, ఒక బొమ్మ. ఆ బొమ్మలో నీటి బాణాలన్నీ పైకి, ఆహారపు బాణాలన్నీ కిందికి ఉన్నాయి. ప్రయోగం ఒక్కటీ లేదు. ఆహారం ఎప్పుడూ కిందికే వెళ్తుందన్న ఈ అపోహను తరగతి గదుల నుంచి తొలగించడానికి నేను ఉద్యోగ జీవితమంతా ప్రయత్నించాను కాబట్టి, అచ్చులో మళ్ళీ చూసినప్పుడు మనసు చివుక్కుమన్నది. ఆహారం తయారైన చోటు నుంచి అవసరమున్న చోటుకు వెళ్తుంది, అది పైనున్నా సరే, కిందనున్నా సరే. మా డాబా మీది ఆనపపాదునే తీసుకుంటే, ముదురు ఆకులు చేసిన చక్కెర ముందుకు సాగే లేత కొసకూ వెళ్తుంది, వెనక వేలాడే కాయకూ వెళ్తుంది, వేళ్ళకూ వెళ్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరంలోని చెట్లను కూల్చినన్ని కూల్చి, మిగిలినవాటిని ఒక్క ఆకు లేకుండా మోడుగా నిలబెట్టింది. కొన్ని వారాలకే ఆ మోళ్ళు చిగిర్చాయి. ఆకులే లేనప్పుడు ఆ చిగుళ్ళకు ఆహారం వచ్చింది వేళ్ళలో, మానులో దాచి ఉన్న పిండిపదార్థం కరిగి పైకి నడవడం వల్లనే. ఆ రోజులు చూసిన విశాఖ వాసికి కిందికి మాత్రమే గీసిన బాణాలను చూపి నమ్మించలేరు.

పోషక కణజాలం దారువులా మృతకణాల గొట్టం కాదు. అందులో రసం నడిచేది చాలనీ నాళాలలో. చాలని అంటే జల్లెడ. చాలనీ నాళాల కణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట జల్లెడలాంటి రంధ్రాల పలక ఉంటుంది. ఆ కణాలు కేంద్రకాన్ని వదులుకుంటాయి కానీ ప్రాణాన్ని వదులుకోవు. పక్కనే అంటిపెట్టుకొని ఉన్న సహకణం వాటి బాగోగులన్నీ చూస్తుంది. ఆకు దగ్గర చక్కెర ఈ నాళాలలోకి ఎక్కితే, ద్రవాభిసరణ వల్ల పక్కనున్న దారువు నుంచి నీరు లోపలికి వచ్చి పీడనం పెరుగుతుంది. కాయ దగ్గరో దుంప దగ్గరో చక్కెర దిగిపోతే పీడనం తగ్గుతుంది. ఈ తేడాయే రసాన్ని నడిపిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త మ్యూంచ్ 1930లో ప్రచురించిన సిద్ధాంతం. రసం గంటకు ఇంచుమించు ఒక మీటరు వేగంతో కదులుతుంది.

వీటిని చూపడానికి ఖరీదైనదేదీ అక్కర్లేదు, ఈ కిట్టులోని సూక్ష్మదర్శినే చాలు. డాబా మీది గుమ్మడి తీగను కోశాము. కోసిన చోట వెంటనే చిన్న చిన్న చుక్కలు ఊరాయి. ఒకదాన్ని మనవరాలు వేలి కొసతో తాకితే మొదట నీరులా ఉన్నది, ఒకటి రెండు నిమిషాల్లో జిగురై, తీగలా సాగి, గడ్డకట్టింది. గాయం పడిన నాళాలను మూసివేయడానికి మొక్క చేసుకునే ఏర్పాటు అది. తరువాత అడ్డుకోతను నీటిలో పరచి 100 రెట్లలో చూస్తే, పది నాళికాపుంజాలు ఐదేసి చొప్పున రెండు వలయాలుగా, ప్రతిదానిలోనూ దారువుకు బయటివైపూ లోపలివైపూ కూడా పోషక కణజాలం ఉండడం కనిపించింది. చాలాసేపు స్లైడును అటూ ఇటూ జరిపాక 400 రెట్లలో ఒకచోట, సరిగ్గా పలక ఉన్న తలంలో కోత పడిన నాళం దొరికింది. గుండ్రని గడిలో చుక్కలు చుక్కలుగా రంధ్రాలు. ఇడ్లీ రేకు గుంటలా ఉందని పిల్ల అన్నది. ఈ ఒక్క దృశ్యం కోసం గుమ్మడి కాండం అడ్డుకోతను ఆరో స్లైడుగా ఇచ్చి ఉంటే, అట్ట మీది పేరులో సగానికి న్యాయం జరిగేది.

రెండో ప్రయోగానికి భూతద్దం చాలు. చిక్కుడు పాదుకు పట్టిన పేనుబంకను చూస్తే, అది తన సూదిలాంటి నోటిని నేరుగా చాలనీ నాళంలోకి దించి ఉంటుంది. పీడనం వల్ల రసం దానంతట అదే వస్తుంది, అందుకే తాగలేక వదిలేసిన తీపి రసంతో కింది ఆకులు జిడ్డుగా మారి చీమలు చేరతాయి. పరిశోధకులు పురుగును తొలగించి ఆ సూదిని మాత్రం ఉంచితే, దాని కొస నుంచి రసం గంటల తరబడి కారింది.

మూడోది వలయంగా బెరడు తీయడం. బొటనవేలంత లావున్న జామ కొమ్మ చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున బెరడు తీసి, కింద జిగురుగా ఉండి కొత్త కణాలను పుట్టించే విభాజ్య కణావళిని కూడా గీకివేశాము. అది మిగిలితే బెరడు మళ్ళీ కలిసిపోతుంది. మూడు వారాలకు వలయం పై అంచు ఉబ్బింది, కింది అంచు అలాగే ఉంది, కొమ్మ ఆకులు మాత్రం పచ్చగా ఉన్నాయి. నీటి దారి లోపల భద్రంగా ఉంది, ఆహారపు దారి తెగింది. నర్సరీలవాళ్ళు గాలి అంటు కట్టేది ఈ ఆధారంతోనే, పై అంచున నిలిచిన ఆహారం వల్ల అక్కడ వేళ్ళు పుట్టుకొస్తాయి. మన వీధుల్లో కేబుళ్ళకూ ఫ్లెక్సీలకూ చెట్టుకు ఇనుప తీగ బిగించి వదిలేసినచోట కూడా ఇదే ఉబ్బు కనిపిస్తుంది. దయచేసి కనిపించిన తీగను కోసివేయండి, అది చెట్టు వేళ్ళను ఆకలితో చంపుతుంది.

కల్లు గీత గురించి ఒక పేజీ ఉన్నా మన ప్రాంతపు పిల్లలకు ఎంత దగ్గరగా ఉండేది! తాటి గెలను గీసినప్పుడు కారేది దారువులోని నీరు కాదు, పోషక కణజాలంలోని చక్కెర రసం. గీత కార్మికుడు రోజూ పలుచని పొర గీయడానికి కారణం కూడా పైన గుమ్మడి తీగలో చూసినదే, తెగిన నాళాలు మూసుకుపోతాయి. తాటి, కొబ్బరి జాతులకు విభాజ్య కణావళి లేదు కాబట్టి కొత్త నాళాలు పుట్టవు. మొదట ఏర్పడిన చాలనీ నాళాలే కేంద్రకం లేకుండా దశాబ్దాల పాటు పని చేస్తాయి. అనకాపల్లి బెల్లం తిన్న ప్రతివారూ చెరకు ఆకులో పుట్టి ఈ దారినే నడిచి గడల్లో చేరిన చక్కెరను తిన్నవారే.

సూక్ష్మదర్శిని గురించి క్లుప్తంగా చెబుతాను. అద్దంతో వెలుగు పట్టాలి కాబట్టి పగటిపూట వరండాలోనే పని జరుగుతుంది. 400 రెట్లలో అంచులు కొంత మసకగా ఉంటాయి, మధ్యభాగం స్పష్టంగా ఉంటుంది. సూక్ష్మ సవరింపు మర నెలకే కాస్త వదులైంది. ఈ ధరకు ఇంతకన్నా ఆశించలేము.

ఇంట్లో జీవశాస్త్రం తెలిసినవారు, చేతికి అందే దూరంలో ఒక గుమ్మడి పాదో ఆనపపాదో ఉన్నవారు ఈ కిట్టును నిశ్చింతగా కొనవచ్చు. లేనివారు కొనేముందు దుకాణంలోనే పెట్టె తెరిపించి వేరు స్లైడ్ల చీటీలు సరిచూసుకోవాలి, కరదీపికలో నీరు ఎక్కే విధానం, ఆహారపు బాణాలు ఉన్న పేజీలను పక్కన పెట్టి పాఠ్యపుస్తకాన్నే నమ్మాలి. పోటోమీటరు ప్రయోగాన్ని వానాకాలంలో కాక, గాలిలో తేమ తగ్గే డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం పది గంటల తరువాత పెట్టుకుంటే బుడగ చక్కగా నడుస్తుంది.